అమ్మమ్మ ఊరు ఎంత దూరం?

'నాన్నా... ఇంకా ఎంత దూరం?'

సంక్రాంతికి రెండు రోజుల ముందు హైదరాబాద్‌ నుంచి విజయవాడ వైపు బారులు తీరే కార్లలో ఎక్కువసార్లు వినిపించే మాట ఇదే. ఎల్బీనగర్‌ దాటకముందే మొదలవుతుంది. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర మళ్లీ. చిట్యాల వచ్చేలోపు మరోసారి. 'వచ్చేశాం బంగారం' అని మొదట ముద్దుగా, 'కాసేపు పడుకోమ్మా' అని తర్వాత బుజ్జగింపుగా, 'నోరు మూసుకుని కూర్చుంటావా లేదా' అని ఆఖరికి విసుగ్గా... ఒకే ప్రశ్నకి మూడు జవాబులు!

కిలోమీటర్లలో చెప్పాలంటే తేలికే. విజయవాడ సుమారు 270. అక్కణ్నుంచి బందరు రోడ్డెక్కితే మచిలీపట్నానికి మరో 70. కానీ ఆరేళ్ల పిల్లకి కిలోమీటరంటే ఏం తెలుసు? దానికి తెలిసిన కొలతలు వేరే. ఆకలేసేంత దూరం, కాళ్లు తిమ్మిరెక్కేంత దూరం, తమ్ముడితో నాలుగు తగవులు పడేంత దూరం. ఆ దూరాన్ని పెంచడం, తగ్గించడం మాత్రం పెద్దవాళ్ల చేతుల్లోనే ఉంటుంది. దారి బాగా గడిస్తే వచ్చే ఏడు పిల్లలే 'ఊరెళ్దాం' అని ఎగిరి గంతేస్తారు. నరకంలా గడిస్తే 'అబ్బా, మళ్లీనా' అని మొహం ముడుస్తారు. ఒక ఏడు మానేస్తే ఏమీ కాదు. రెండేళ్లు మానేస్తే అలవాటు తప్పుతుంది. అప్పుడు నష్టపోయేది ఏడాదంతా ఆ నాలుగు రోజుల కోసం ఎదురుచూసే అమ్మమ్మా తాతయ్యలే.

రైలు పోయి కారొచ్చె...

గన్‌ఫౌండ్రీ, ఆబిడ్స్‌ ప్రాంతాల్లో కాపురముండేవాళ్లకి ఒకప్పుడు ఊరి ప్రయాణమంటే నాంపల్లి స్టేషనే. 1907లో కట్టిన ఆ స్టేషన్‌కి ఆటో ఎక్కితే పది నిమిషాలు. బస్సయితే గౌలిగూడ, 1994 తర్వాత ఇమ్లీబన్‌. సామాన్లు సీటు కింద తోసేస్తే పిల్లలకిక పండగే. బెర్తు ఎక్కడం, దిగడం, కిటికీ కోసం కొట్టుకోవడం, ఎదురుసీటు పెద్దాయన ఇచ్చిన జామకాయ తినడం. రైలు నడిపే బాధ్యత నాన్నది కాదు కాబట్టి ఆయన చేతులూ ఖాళీనే. ఒకరు పిల్లాణ్ని ఎత్తుకుంటే ఇంకొకరు కునుకు తీసేవారు.

కారొచ్చాక సుఖం పెరిగింది. ఇంటి గుమ్మంలో ఎక్కి అమ్మమ్మ గుమ్మంలో దిగొచ్చు. విజయవాడ హైవే నాలుగు వరుసలయ్యాక వేగమూ పెరిగింది. కానీ ఒక లెక్క మారింది. నాన్న స్టీరింగుకి అంకితం. మిగిలిన పనులన్నీ అమ్మ మీదే. వంటమనిషి, నర్సు, కథకురాలు, తగవులు తీర్చే పెద్దమనిషి... అన్నీ ఆవిడే. పిల్లలకేమో లేచి నడవడానికి చోటుండదు. రైల్లో లేని ఈ రెండు ఇబ్బందులనీ ముందే గుర్తుపెట్టుకుంటే సగం ప్రయాణం సాఫీగా సాగినట్టే.

గన్‌ఫౌండ్రీలోని ఓ అపార్ట్‌మెంట్‌ అనుకుందాం. అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగస్తులు. ఆరేళ్ల పాప, రెండేళ్ల బాబు. అమ్మమ్మగారి ఊరు ఉయ్యూరు దాటాక ఓ పల్లె. భోగి సాయంత్రం బాబుకి భోగిపళ్లు పోయాలి. రేగిపళ్లూ చిల్లర డబ్బులూ కలిపి సిద్ధంగా పెట్టామని అమ్మమ్మ వారం ముందే ఫోన్లో చెప్పేసింది. మరి ఈ ఇల్లు ఎలా బయల్దేరాలి?

ముందురాత్రే అసలు పరీక్ష

ప్రయాణం కారెక్కాక మొదలవుతుందనుకుంటాం. కాదు, ముందురాత్రే మొదలవుతుంది. అందులోనూ గన్‌ఫౌండ్రీ వాళ్లకి జనవరిలో ఓ పెద్ద ఆకర్షణ పక్కనే ఉంటుంది. అదే నాంపల్లి నుమాయిష్‌. 1938లో మొదలైన ఈ ఎగ్జిబిషన్‌ ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సందడి చేస్తుంది. 'ఊరెళ్లేముందు ఒక్కసారి తిప్పుకొద్దాం, అక్కయ్య పిల్లలకి ఏవైనా కొనొచ్చు' అనిపిస్తుంది. తిరిగొచ్చేసరికి పదకొండు. బ్యాగులు సర్దేసరికి ఒంటిగంట. మూడున్నరకి అలారం. అంటే బండి నడిపే మనిషికి దక్కిన నిద్ర రెండున్నర గంటలు!

నిద్రలేని కళ్లతో స్టీరింగు పట్టుకోవడం తాగి నడపడం కన్నా తక్కువ ప్రమాదమేం కాదు. పైగా తెల్లవారుజామున రెండు నుంచి అయిదు మధ్య ఒళ్లు దానంతటదే నిద్రలోకి జారుతుంది. టీ తాగినా, పాటలు పెట్టినా, అద్దం దించినా ఆ మత్తు కాసేపు తప్పుకుంటుందేగానీ పోదు. కాబట్టి నుమాయిష్‌ని పండగ తర్వాతకి వాయిదా వేసుకోవడమే మేలు. సంక్రాంతి వెళ్లాక కూడా నెలరోజులుంటుందది. నడిపేవాళ్లు ఏడు గంటలు నిద్రపోవడం మాత్రం వాయిదా వేసే పని కాదు.

సర్దుడు విషయంలో ఒకటే సూత్రం. డిక్కీ తెరవకుండా విజయవాడ చేరగలగాలి. పట్టుబట్టలు, స్వీటు డబ్బాలు, కానుకలు డిక్కీలోకి. దారిలో కావల్సినవన్నీ ఓ చిన్నసంచిలోకి. పిల్లలకి రెండేసి జతల బట్టలు, తడిగుడ్డలు, తువ్వాలు, పాలిథిన్‌ కవర్లు నాలుగైదు, మంచినీళ్లు, రోజూ వాడే మందులు, ఓఆర్‌ఎస్‌ పొట్లాలు, పాత దుప్పటి. బాబు పక్కన లేకపోతే నిద్రపోని బొమ్మ ఏదైనా ఉంటే అది అన్నిటికన్నా ముందు! వెనకసీటు పైనుండే పలక మీద మాత్రం ఏమీ పెట్టొద్దు. గట్టిగా బ్రేకు వేస్తే అక్కడున్న స్టీలు టిఫిన్‌ డబ్బా వచ్చి తగిలేది పిల్లల తలకే. టైర్లలో గాలి, స్టెప్నీ, ఫాస్టాగ్‌లో డబ్బులు ముందురోజు పగలే చూసుకోవాలి.

ఒడి సీటు కాదు

అమ్మ ఒడిని మించిన రక్షణ లేదంటారు. నిజమే, ఇల్లు కదలనంతవరకూ! కదిలే కారులో మాత్రం ఆ మాట చెల్లదు.

చిన్న లెక్క చూద్దాం. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. దేన్నో గుద్దుకుని సెకనులో పదోవంతులో ఆగిపోయింది. ఆ క్షణంలో 12 కిలోల బాబు ఒడిలోంచి ముందుకి పోకుండా పట్టుకోవాలంటే అమ్మ చేతులు ఆపాల్సిన భారం దాదాపు 170 కిలోలు. వేగం వంద ఉండి, అంతే సమయంలో ఆగితే అది రెట్టింపవుతుంది. ఎంత ప్రేమ ఉన్నా ఏ తల్లి చేతులూ ఆ బరువుని ఆపలేవు. అమ్మకి సీటుబెల్టు లేకపోతే ఇంకా ఘోరం. ఆవిడ బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టుకోవడమూ అంతే. బెల్టుకీ పెద్దమనిషికీ మధ్య బిడ్డ నలిగిపోతాడు. ముందుసీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఎదురుగా ఎయిర్‌బ్యాగు ఉంటుంది. పెద్దల్ని కాపాడేందుకు మెరుపు వేగంతో తెరుచుకునే ఆ సంచీయే పసివాళ్లకి ప్రాణాంతకం.

చట్టం కూడా ఇదే చెబుతోంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టుతోగానీ, పిల్లల కోసం చేసిన ప్రత్యేక సీటులోగానీ కూర్చోబెట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా. వెయ్యి సంగతి పక్కన పెట్టండి. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్‌ మిస్త్రీ కారు ప్రమాదంలో చనిపోయినప్పుడే వెనకసీట్లో బెల్టు గురించి దేశమంతా మాట్లాడుకుంది. ఖరీదైన కారైనా బెల్టు పెట్టుకోని మనిషిని కాపాడలేదని తెలిసొచ్చింది. నాలుగురోజుల తర్వాత చాలామంది ఆ సంగతి మర్చిపోయారు.

రెండేళ్లు నిండేదాకా పిల్లల సీటు కారు వెనకవైపుకి తిరిగి ఉండాలి. సీటు కొలతలు సరిపోయినన్నాళ్లు అలాగే ఉంచడం ఇంకా మంచిది. తర్వాత ముందుకు తిరిగి, భుజాల మీదుగా పట్టీలున్న సీటు. పాప వయసుకి వచ్చాక ఎత్తు పెంచే బూస్టర్‌ సీటు వేసి మామూలు బెల్టు పెట్టాలి. పట్టీ మెడ మీదుగా కాకుండా భుజం మీదుగా, పొట్ట మీద కాకుండా తుంటి మీదుగా వెళ్లేలా చూడాలి. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా బూస్టర్‌ అవసరమే. పదమూడేళ్లలోపు పిల్లలంతా వెనకసీట్లోనే.

'ఏడాదికోసారి ప్రయాణానికి అన్ని వేలు పోయాలా?' అనిపించవచ్చు. అదే పండక్కి ఇంట్లో కొనే ఒక్క పట్టుచీర ధరని తలచుకుంటే జవాబు దొరుకుతుంది. కొన్నాక పండగ రోజే కాదు, రోజూ వాడాలి. కోఠీ దాకా వెళ్లినా అందులోనే కూర్చోబెట్టాలి. అలవాటు లేని పిల్లాణ్ని ఒక్కసారిగా ఆరుగంటలు కట్టేస్తే ఏడవక ఏం చేస్తాడు?

ఇంకో బలహీనత ఉంది. 'మేమూ వస్తాం, సర్దుకుంటే సరిపోతుంది' అని పిన్నిగారి కుటుంబం ఫోన్‌ చేస్తుంది. అయిదుగురి కారులో ఎనిమిదిమంది! మొహమాటానికి ఒప్పుకుంటే నష్టపోయేది ఒళ్లో కూర్చునే పిల్లలే. ఇద్దరు పెద్దవాళ్లని రైలెక్కించడం చుట్టరికానికి చేటేం కాదు.

ఎప్పుడు బయల్దేరాలి?

దీని మీద ప్రతి ఇంట్లోనూ రెండు పార్టీలుంటాయి. రాత్రి పన్నెండుకి బయల్దేరితే పిల్లలు నిద్రపోతారు, రోడ్డు ఖాళీగా ఉంటుంది అనేది నాన్న పార్టీ. పగలు వెళ్తే భయం లేకుండా వెళ్లొచ్చు అనేది అమ్మ పార్టీ. పిల్లలున్న ఇంట్లో అమ్మ పార్టీకే ఓటేయాలి. రాత్రిపూట రోడ్డు ఖాళీగా ఉన్నా కళ్లు ఖాళీగా ఉండవు. పక్కన ఆపేసిన లారీలు దగ్గరికొచ్చేదాకా కనిపించవు. జనవరిలో తెల్లారగట్ల పొగమంచూ తోడవుతుంది.

రాత్రి తొమ్మిదికల్లా పడుకుని, వెలుగురేకలు వచ్చేవేళకి గన్‌ఫౌండ్రీ దాటితే పొద్దున టిఫిను వేళకి సగం నగరం నిద్రలేవకముందే హైవే మీద ఉంటారు. పొగమంచు దట్టంగా ఉంటే అరగంట ఆలస్యమైనా ఇంట్లోనే ఆగడం మంచిది. భోగికి ముందురోజు జనమంతా ఒకేసారి కదులుతారు కాబట్టి, సెలవు దొరికితే ఇంకో రోజు ముందే వెళ్లిపోవాలి. టోల్‌ప్లాజా దగ్గర గంటసేపు ఆగిన కారులో రెండేళ్ల పిల్లాణ్ని ఊరుకోబెట్టడం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుసు.

రెండు గంటలకోసారి ఆగడం తప్పనిసరి. అది పిల్లలకీ, నడిపేవాళ్లకీ కూడా. నార్కట్‌పల్లి దగ్గర ఒకసారి, సూర్యాపేటలో ఒకసారి, కోదాడ దాటాక నందిగామ చేరేలోపు ఇంకోసారి. సూర్యాపేట దాదాపు సగం దారి. అక్కడ కనీసం ముప్పావుగంట ఆగాలి. పెద్దవాళ్లకి టీ, పిల్లలకి పరుగులు. ఊరికి దగ్గర్లోనే పిల్లలమర్రిలో కాకతీయుల కాలం నాటి గుళ్లున్నాయి. చల్లటి రాతిమండపంలో పిల్లల్ని కాసేపు ఆడనిస్తే తర్వాతి రెండు గంటలు మారాం చేయకుండా కూర్చుంటారు. ఆగేటప్పుడు కారుని రోడ్డు వార కాకుండా హోటలు ఆవరణలోకో, బంకులోకో తీసుకెళ్లాలి. పిల్లల్ని రోడ్డువైపు తలుపులోంచి దించకూడదు. ఎండాకాలం సెలవుల్లో వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. 'రెండు నిమిషాల్లో వస్తా' అని నిద్రపోతున్న పిల్లల్ని మూసిన కారులో వదలొద్దు. పదే పది నిమిషాల్లో లోపలి వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది.

దారిలో ఏదైనా ఇబ్బంది వస్తే జాతీయ రహదారుల సహాయానికి 1033, అంబులెన్స్‌కి 108. ఈ రెండు నంబర్లూ అమ్మ ఫోన్లో ఉండాలి.

మూసీతో పోటీ

'ఇంకా ఎంత దూరం' అనే ప్రశ్నకి అసలు మందు సెల్‌ఫోను కాదు, దారే. విజయవాడ దారిలో కథలకి కొదవ లేదు. కాస్త ముందుగా తెలుసుకుని ఉంచుకోవాలంతే.

మొదటి కథ ఇంటి గుమ్మంలోనే ఉంది. తాము ఉండే చోటుకి గన్‌ఫౌండ్రీ అని పేరెందుకొచ్చిందో అక్కడి పిల్లల్లో ఎంతమందికి తెలుసు? నిజాం అలీఖాన్‌ కొలువులో రేమండ్‌ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. 1786లో ఇక్కడ ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. 'తోప్‌ కా సాంచా' అని పిలిచే ఆ చోటే గన్‌ఫౌండ్రీ. ఆ రేమండ్‌ దొరని జనం హిందువులైతే 'మూసా రాం' అనీ, ముస్లింలైతే 'మూసా రహీం' అనీ సొంతం చేసుకున్నారట. కారు మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్‌ వైపు సాగుతుంటే మెట్రో స్టేషన్‌ మీద 'మూసారాంబాగ్‌' అన్న పేరు కనిపిస్తుంది. అది ఆయన పేరే. 1798లో చనిపోయిన రేమండ్‌ సమాధి ఆ దగ్గర్లోనే అస్మాన్‌గఢ్‌ గుట్ట మీద ఉంది. 'మనింటి దగ్గర ఫిరంగులు చేసిన ఆయన ఇక్కడ నిద్రపోతున్నాడు' అని చెబితే పాప కళ్లు పెద్దవవుతాయి. దిల్‌సుఖ్‌నగర్‌ ట్రాఫిక్కు దానికి తెలియకుండానే గడిచిపోతుంది.

రెండోది నది ఆట. కోఠీ దాటాక చాదర్‌ఘాట్‌ దగ్గర కారు మూసీని దాటుతుంది. 'ఈ నది మనకి మళ్లీ కనిపిస్తుంది, ఎక్కడో చూద్దాం' అని పందెం కట్టండి. సూర్యాపేట ఇంకాసేపట్లో వస్తుందనగా పెద్ద వంతెన. కింద మళ్లీ మూసీ! నగరంలో చూసినదానికీ దీనికీ పోలికే ఉండదు. అక్కణ్నుంచి మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసిపోతుంది. ఆ నీళ్లు విజయవాడ వచ్చేసరికి కనకదుర్గ ఫ్లైఓవర్‌ మీద నుంచి నిండుగా కృష్ణమ్మ, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ. 'చాదర్‌ఘాట్‌ దగ్గర మనతో బయల్దేరిన నది మనకన్నా ముందొచ్చిందా, వెనకొచ్చిందా?' అని అడిగి చూడండి. పాప ఆలోచించే తీరు వినడానికి ముచ్చటగా ఉంటుంది.

మూడోది నంబరు ప్లేట్ల ఆట. 2014కి ముందు రిజిస్టరైన బండి మీద ఇక్కడైనా ఏపీయే. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ బళ్లకి టీఎస్‌. 2024 మార్చి నుంచి టీజీ. ఒకరు టీఎస్‌లు, ఒకరు టీజీలు, ఒకరు ఏపీలు లెక్కపెట్టాలి. కోదాడ దాటి రాష్ట్రం మారాక ఏ లెక్క పెరుగుతోందో గమనించాలి. పాప అంకెలూ నేర్చుకుంటుంది, అమ్మకి పది నిమిషాల విశ్రాంతీ దొరుకుతుంది. ఇంగ్లిష్‌ మీడియం చదివే పిల్లయితే ఊళ్ల పేర్లున్న తెలుగు బోర్డులు చదివించండి. చౌటుప్పల్‌, నకిరేకల్‌, మునగాల, కంచికచర్ల... ఒత్తులూ గుణింతాలూ దారిపొడుగునా ఉచితం!

ఆదివారం పూట ఆబిడ్స్‌ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల రాశుల్లో వెతికితే పాత చందమామలు, బొమ్మల కథలు దొరుకుతుంటాయి. వారం ముందే ఓ నాలుగు కొని దాచి, ఆగిన ప్రతిచోటా ఒకటి బయటకి తీస్తే పిల్లలకి తర్వాతి మజిలీ కోసం ఆత్రం పెరుగుతుంది. కదులుతున్న కారులో మాత్రం చదివించొద్దు. కారణం కిందనే ఉంది.

కడుపులో తిప్పితే...

కారు కదులుతోందని చెవిలోని సమతూకపు అవయవం మెదడుకి చెబుతుంది. పుస్తకం మీదో, ఫోను తెర మీదో ఉన్న కళ్లేమో 'కదలడం లేదే' అంటాయి. ఈ తగవు తెగకే వాంతులు. రెండేళ్లలోపు పిల్లల్లో ఈ బాధ తక్కువ. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య ఎక్కువ. అంటే మన పాపది సరిగ్గా ఆ వయసే. వాంతులొచ్చే పిల్లలకి ఫోను ఇవ్వకుండా దూరంగా ఉన్న కొండలనో చెట్లనో చూడమనాలి. అద్దం కాస్త దించాలి. ఘాటైన సెంటు సీసాలు కారులో వద్దు. మందు కావాలంటే పిల్లల డాక్టర్ని అడిగే ఇవ్వాలి, పెద్దల మాత్ర సగం విరిచి కాదు.

తిండి తేలిగ్గా, కొంచెం కొంచెంగా. బయల్దేరేముందు గ్లాసుడు పాలు బలవంతంగా తాగించొద్దు. ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు, బిస్కెట్లు చాలు. పూరీలు, నూనె వస్తువులు పెద్దవాళ్లకి వదిలేయండి. వేరుసెనగ గుళ్లు, గట్టి చాక్లెట్లు నాలుగేళ్లలోపు పిల్లలకి కదిలే కారులో అస్సలు పెట్టొద్దు. ఒక్క కుదుపుకి గొంతుకి అడ్డంపడతాయి.

నీళ్ల విషయంలో చాలా ఇళ్లలో ఓ తప్పు జరుగుతుంది. 'మాటిమాటికీ ఆపాల్సొస్తుంది' అని పిల్లలకి నీళ్లు తగ్గిస్తారు. అమ్మ అయితే దారిలో బాత్‌రూమ్‌లు ఎలా ఉంటాయోనని తెల్లారినప్పటినుంచీ గుక్కెడు కూడా తాగదు. ఇది సర్దుబాటు కాదు, జబ్బుని కొనితెచ్చుకోవడం. బంకుల్లో, పెద్ద హోటళ్లలో అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఆపమని అడిగినప్పుడు నాన్న విసుక్కోకపోతే అదే పెద్ద సాయం.

'ఎక్కడిదాకా వచ్చారు?'

ఇటు పిల్లలది ఒక ప్రశ్న అయితే అటు అమ్మమ్మది ఇంకో ప్రశ్న. 'ఎక్కడిదాకా వచ్చారు?' అని అరగంటకో ఫోను. అరిసెలు వండేసి, గుమ్మంలో ముగ్గేసి, తాతయ్యని రెండుసార్లు వీధి చివరికి పంపి ఆవిడ పడే ఆరాటం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ ఫోను నడిపేవాళ్లకి వస్తే తెలియకుండానే కాలు యాక్సిలరేటర్‌ మీద పడుతుంది. బయల్దేరేముందే చెప్పేయాలి. 'అమ్మా, మధ్యాహ్నం భోజనానికి మాకోసం ఆగొద్దు, మీరు తినేయండి. సూర్యాపేటలో ఒకసారి, విజయవాడలో ఒకసారి మేమే చేస్తాం.' కొండపల్లి బొమ్మల కోసం ఇబ్రహీంపట్నం దగ్గర పక్కకి తిరిగినా అప్పుడు ఎవరికీ కంగారుండదు. తెల్లపొణికి కర్రతో చేసిన ఎడ్లబండి బొమ్మ ఒకటి చేతిలో ఉంటే బాబు అమ్మమ్మగారి ఊరిదాకా హాయిగా వచ్చేస్తాడు.

చేరాక ఇంకో చిన్న ముచ్చట. ఏడాది తర్వాత చూసిన తాతయ్య రెండేళ్ల వాడికి కొత్తమనిషే. ఎత్తుకోబోతే ఏడుస్తాడు. పెద్దాయన మొహం చిన్నబోతుంది. 'తాతయ్యకి ముద్దు పెట్టు' అని తోసెయ్యకుండా ఓ గంట వదిలేస్తే వాడే వెళ్లి కళ్లజోడు లాగుతాడు. వారం ముందు నుంచి రోజూ వీడియో కాల్లో చూపిస్తే ఆ గంట కూడా పట్టదు.

ఇల్లు చేరాం కదా అని పెద్దలంతా ఒక్కసారి నడుం వాల్చేస్తారు. అప్పుడే జాగ్రత్తగా ఉండాలి. పల్లెటూరి ఇంట్లో మూతలేని నుయ్యి, పిట్టగోడ లేని డాబా, ఇంటి ముందు కాలువ... నగరం పిల్లలకి ఇవేవీ తెలియవు. బందరు కాలువ పక్కనే సాగే ఊళ్లయితే మరీను. తాతయ్య బీపీ మాత్రలు కిటికీలో అందేలా ఉంటాయి. రాగానే చేతులు కడుక్కున్నట్టే, రాగానే ఇల్లంతా ఒకసారి చుట్టిరావాలి. 'ఈ గంట పిల్లల్ని చూసేది ఎవరు?' అని పేరు పెట్టి అప్పగించాలి. అందరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడనట్టే.

తిరుగు ప్రయాణమే కీలకం

వెళ్లేటప్పుడు ఉన్న జాగ్రత్త వచ్చేటప్పుడు ఉండదు. కనుమ వెళ్లగానే అందరూ ఒకేసారి నగరం దారి పడతారు. 'రేపు ఆఫీసుంది' అని రాత్రి భోజనం చేసి బయల్దేరతారు. మూడురోజులు సరిగ్గా నిద్రలేని ఒళ్లు, కడుపునిండా పిండివంటలు, ఎదురుగా లారీల దీపాలు... ఇంతకన్నా ప్రమాదకరమైన ప్రయాణం ఉండదు. వెళ్లడానికి పెట్టిన సెలవుకి రావడానికి ఇంకో రోజు కలపండి. ఆఫీసులో ఒక రోజు జీతం పోతే వచ్చే నెలలో సర్దుకోవచ్చు.

వచ్చేటప్పుడు డిక్కీ నిండుతుంది. బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, కొబ్బరికాయలు, జున్నుపాలు. 'ఇంకో చిన్న మూట, వెనకసీట్లో పెట్టుకోండి' అంటుంది అమ్మమ్మ. ఆ చోటు పిల్లలదని నెమ్మదిగా చెప్పి, మిగిలినవి బస్సు పార్సిల్లో వేయించమనాలి. ఆవిడ నొచ్చుకోదు. పిల్లల కోసమంటే ఏ అమ్మమ్మా నొచ్చుకోదు.

సాయంత్రానికి చాదర్‌ఘాట్‌ దాటి, కోఠీ దాటి, గన్‌ఫౌండ్రీ ఇంటి ముందు కారు ఆగుతుంది. బాబు సీట్లోనే నిద్ర. పాప సగం మెలకువ. సామాన్లు పైకి చేర్చాలి, పాలు కాచాలి, రేపటి స్కూలు యూనిఫాం వెతకాలి. అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని మాత్రం ఒకటుంది. అక్కడ ఉయ్యూరు అవతల ఇద్దరు మనుషులు టీవీ కట్టేసి, ఫోను పక్కన పెట్టుకుని, అన్నం తినకుండా కూర్చుని ఉంటారు. నంబరు కలిపి ఫోను పాప చేతికివ్వండి. చేరిపోయామన్న కబురు దాని నోటితోనే చెప్పించండి.